ఒకటి తక్కువైన చోట

1,84,46,74,40,73,70,95,51,615. కామాలు తీసేస్తే ఇరవై అంకెల వరుస: 18446744073709551615. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టిస్తూ అరవై నాలుగో గడి దాకా పోస్తే పోగయ్యే మొత్తం ఇదే. కథ అందరికీ తెలిసిందే. ఆట కనిపెట్టిన పండితుణ్ణి రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆయన గింజలడిగాడు. ఇంతేనా అని రాజు నవ్వాడు, కొలిచేసరికి ఖజానా చాలలేదు. 13వ శతాబ్దపు అరబ్బీ రచయిత ఇబ్న్ ఖల్లికాన్ ఆ పండితుణ్ణి సిస్సా అన్న పేరుతో చెప్పాడు.

ఎవరు చెప్పినా కథ బరువు దగ్గరే ఆగిపోతుంది. గింజకు 25 మిల్లీగ్రాములు వేసుకుంటే 46 వేల కోట్ల టన్నులు దాటుతుందని లెక్క కట్టి, నోరు తెరిచి, అక్కడితో వదిలేస్తారు. ఈ సంఖ్యకు ఇంతకంటే అన్యాయం లేదనిపిస్తుంది నాకు. పెద్దదిగా ఉండటం ఏ సంఖ్యకూ గొప్ప కాదు. ఒకటి కలిపితే అంతకంటే పెద్దది సిద్ధంగా ఉంటుంది. దీని సొగసంతా లోపల ఉంది. పరిమాణం చూసి కళ్లు తిప్పుకున్నవాళ్లకు అది దొరకదు.

తెలుగువాడు దీన్ని ఆ కళ్లతో చూడలేదు, పద్యం చేసుకున్నాడు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమైన చంపకమాల ఒకటి ఉంది. చదరంగపు గళ్లలో రెట్టింపుల మొత్తం ఎంతో అది చెబుతుంది. అందులో అంకెలు దాదాపుగా అంకెలుగా కనబడవు. ఒకటికి చంద్రుడు, మూడుకు అగ్ని, నాలుగుకు వేదాలో సముద్రాలో బ్రహ్మ ముఖాలో, ఐదుకు మన్మథుడి బాణాలు, ఏడుకు కులపర్వతాలు, ఎనిమిదికి దిగ్గజాలు, తొమ్మిదికి శరీర రంధ్రాలు, సున్నకు ఆకాశం. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు నడుస్తూ ఇరవై అంకెలూ వస్తాయి. చంపకమాల నడక ఎక్కడా తడబడదు. ప్రాసాక్షరం రేఫ, యతి కుదిరింది, లెక్కా కుదిరింది. ఒక్క మాట మారితే గణం చెడుతుంది, అంకె మారితే లెక్క చెడుతుంది. ఇలా రెండువైపులా కాపలా పెట్టి ఇంత పెద్ద సంఖ్యను భద్రపరిచిన పద్ధతి ఎంత చూసినా తనివి తీరదు.

ఆ పద్యంలో మూడు చోట్ల చంద్రుడున్నాడు, మూడు చోట్ల కొండలున్నాయి, మూడు చోట్ల బాణాలున్నాయి. నాలుగు వచ్చిన నాలుగు చోట్లా నాలుగు వేరు వేరు మాటలు పడ్డాయి. కానీ కన్నులు లేవు, చేతులు లేవు, పక్షాలు లేవు. ఇలా వస్తువుల పేర్లతో అంకెలు చెప్పే భూతసంఖ్యల్లో రెండును చెప్పే మాట ఒక్కటి కూడా లేదు. కవి మరచిపోయాడా? లేదు, సంఖ్యలోనే రెండు లేదు. పైకి వెళ్లి ఆ ఇరవై అంకెల్ని మళ్లీ చూడండి. 0 ఉంది, 1 ఉంది, 3 నుంచి 9 దాకా అన్నీ ఉన్నాయి. రెండును రెండుతో గుణిస్తూ, గుణిస్తూ పుట్టిన సంఖ్యలో రెండు అన్న అంకె ఎక్కడా లేదు. అంకెల రాత పదితో ముడిపడ్డది కాబట్టి దీన్ని యాదృచ్ఛికం అనుకోవచ్చు. లోపలికి వెళితే మాత్రం రెండు లేకపోవడం యాదృచ్ఛికం కాదు. ఈ సంఖ్యను రెండు భాగించదు. అందులోంచే దీని అందమంతా మొదలవుతుంది.

ప్రతి గడిలోనూ, అంతకు ముందు గళ్లన్నిటి మొత్తం కంటే సరిగ్గా ఒక గింజ ఎక్కువ ఉంటుంది. ఒకటి, రెండు కలిపితే మూడు, తర్వాతి గడిలో నాలుగు. నాలుగూ కలిపితే ఏడు, తర్వాతి గడిలో ఎనిమిది. అంటే అరవై నాలుగు గళ్ల మొత్తం, బల్ల మీద లేని అరవై ఐదో గడి కంటే ఒకటి తక్కువ: 2⁶⁴ − 1. ఆ ఒకటి తక్కువ కావడమే నన్ను కట్టిపడేసింది. లేని గడిలోని 2⁶⁴ అనే సంఖ్యను విప్పి చూస్తే రెండు తప్ప ఇంకేమీ లేదు. అరవై నాలుగు రెళ్లు, అంతే. అది నిండు సంఖ్య, కానీ లోపల ఒకే స్వరం. అందులోంచి ఒక్క గింజ తీసేసిన మరుక్షణం రెండు మాయమై ఏడు వేరు వేరు ప్రధాన సంఖ్యలు బయటపడతాయి: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కొక్కటి ఒక్కసారే వస్తుంది, ఏదీ మళ్లీ రాదు.

ఎందుకిలా? దీనికి బీజగణితం చదువుకుని ఉండక్కర్లేదు, బల్లను మడిస్తే చాలు. మధ్యకు మడవండి. కింది సగంలో 32 గళ్లు, వాటి మీద, తిరగబడకుండా అదే క్రమంలో, పై సగంలోని 32 గళ్లు. పై గడిలో, దాని కింద పడ్డ గడిలోని గింజలకు ఎప్పుడూ 2³² రెట్లు ఉంటాయి. కాబట్టి మొత్తం అంటే కింది సగం మొత్తాన్ని 2³² + 1తో, అంటే 4294967297తో గుణించినట్టే. ఇప్పుడు ఆ కింది సగాన్ని మళ్లీ మడవండి, ఈసారి గుణకం 65537. మళ్లీ మడిస్తే 257. ఇప్పుడు ఎనిమిది గళ్ల ఒక్క వరుస మిగిలింది. దాన్ని మడిస్తే 17, ఇంకోసారి 5, చివరిసారి 3. ఆరు మడతలకు బల్ల ఒక్క గడి అయింది, ఆ గడిలో ఒక్క గింజ. కొత్త చీర మడత విప్పినట్టు వెనక్కి విప్పుకుంటూ రండి: 1, దాన్ని 3తో, 5తో, 17తో, 257తో, 65537తో, 4294967297తో గుణిస్తూ పోతే 1,84,46,74,40,73,70,95,51,615 కళ్ల ముందు పరుచుకుంటుంది.

ఈ మడతల్నే మరో దారిలో మనవాళ్లు ఎప్పుడో నడిచారు. ఛందస్సులో ఇన్ని అక్షరాలకు ఎన్ని గురులఘు భేదాలు అని తేల్చడానికి రెండును అన్నిసార్లు గుణించాలి. ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు ఆ శ్రమ తగ్గించే సూత్రం చెప్పాడు. సరిసంఖ్యయితే సగం చేసి వర్గం చెయ్యి, బేసి అయితే ఒకటి తీసి రెట్టించు. 64 దగ్గర మొదలుపెడితే 32, 16, 8, 4, 2, 1. ఆరు వర్గాలు చేస్తే పని అయిపోతుంది: 2, 4, 16, 256, 65536, 4294967296, చివరగా 2⁶⁴. సుమారు 1000 ప్రాంతంలో అల్ బిరూనీ చదరంగపు గింజల లెక్కను ఈ వర్గాల దారిలోనే చేసి చూపించాడు. ఇప్పుడు ఆ మెట్లలో చివరిది వదిలి, ఒక్కొక్కదానికి ఒకటి కలపండి: 3, 5, 17, 257, 65537, 4294967297. మన ఆరు మడతలు. పైకెక్కడానికి వాడిన మెట్లే, ఒక్కొక్కటి చేర్చుకుని ఆ సంఖ్యకు కారణాంకాలయ్యాయి. లెక్క చేసే దారి, లెక్క ఫలితంలో భాగమై కనిపించడం గణితంలో తరచుగా జరిగే సంగతి కాదు.

ఈ ఆరింటిని ఫెర్మా సంఖ్యలంటారు. 1640లో ఫ్రాన్సులో న్యాయాధికారిగా పనిచేస్తూ తీరిక వేళల్లో గణితం చేసిన పియెర్ ద ఫెర్మా, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని తన నమ్మకాన్ని ఉత్తరాల్లో రాశాడు. 3, 5, 17, 257, 65537 నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోదాన్ని, 4294967297ను ఆయన విప్పలేకపోయాడు. దాదాపు తొంభై ఏళ్లు ఎవరూ విప్పలేదు. 1729లో గణితజ్ఞుడు గోల్డ్‌బాక్ ఈ మాటను మరో గణితజ్ఞుడు అయిలర్ దృష్టికి తెచ్చాడు. 1732లో అయిలర్ చెప్పాడు: 4294967297 = 641 × 6700417.

ఇక్కడ ఆగి చూడాలి. అయిలర్ 641 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగిస్తూ పోనక్కర్లేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువ అయి తీరాలని ఆయన తర్వాత నిరూపించాడు. ఆ జాబితా చాలా చిన్నది. 65, 129 ప్రధానాలు కావు. 193, 257 సరిపోవు. 321, 385 ప్రధానాలు కావు. 449 సరిపోదు, 513 ప్రధానం కాదు, 577 సరిపోదు, తర్వాత 641. పదో మెట్టు మీద దొరికింది.

ఈ 64 ఎక్కణ్ణుంచి వచ్చింది? బల్ల మీద గళ్లు అరవై నాలుగు కావడం, ఇక్కడ 64 కనబడటం కాకతాళీయం అని మొదట అనిపిస్తుంది. కాదు. ప్రతి గడిలోని గింజల్ని 641 మందికి సమంగా పంచి, మిగిలినవి మాత్రం చూడండి. మొదటి గడిలో 1 మిగులుతుంది. తర్వాత 2, 4, 8, ఇలా పదో గడిలో 512. పదకొండో గడిలో 1024 గింజలు, పంచితే 383 మిగులుతాయి. పదిహేడో గడికొచ్చేసరికి మిగిలేవి 154. అక్కణ్ణుంచి పదహారు గళ్లు దాటి ముప్పై మూడో గడికి వెళ్లాలంటే 154ను వర్గం చేసి చూస్తే చాలు: 23716, అందులోంచి 641 ముప్పై ఆరు సార్లు పోగా మిగిలేవి 640. అంటే ఇంకొక్క గింజ ఉంటే అందరికీ సమంగా వచ్చేది. ఇక్కడా ఒకటే తక్కువ! మొదటి గడిలో మిగిలిన ఆ ఒక్క గింజను తెచ్చి ముప్పై మూడో గడిలో వేస్తే పంపకం పూర్తవుతుంది. అలాగే రెండో గడిలో మిగిలిన 2, ముప్పై నాలుగో గడిలో మిగిలిన 639కి జత పడుతుంది. మూడోది ముప్పై అయిదోదానికి. బల్ల కింది సగం పై సగానికి గడికి గడిగా తోడై, ముప్పై రెండు జంటలూ శేషం లేకుండా పంచబడతాయి. అరవై నాలుగు గళ్లలో మిగిలే సంఖ్యల్లో ఏ రెండూ ఒకటి కావు. లేని అరవై ఐదో గడికి వెళితే మళ్లీ ఒకటి మిగులుతుంది, ఆవృత్తి మొదలవుతుంది. 641కి చదరంగం బల్ల సరిగ్గా ఒక చుట్టు. అందుకే 640ని 64 భాగిస్తుంది. అందుకే అయిలర్ జాబితాలో 64 వచ్చింది.

641 ఎందుకు భాగిస్తుందో చెప్పే రుజువును తర్వాతి గణితజ్ఞులు రెండు వాక్యాలకు కుదించారు. అంత ముద్దొచ్చే రుజువు నాకు ఇంకోటి తెలియదు. 641ని రెండు విధాలుగా రాయొచ్చు. ఒకటి 5 × 2⁷ + 1, ఇంకొకటి 5⁴ + 2⁴. అంటే 625 + 16. మొదటి రూపం ఏం చెబుతుంది? 641తో భాగించే లోకంలో 5 × 2⁷ విలువ −1. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ విలువ 1. రెండో రూపం ప్రకారం 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టుకోవచ్చు. పెట్టండి: −2³² విలువ 1. కాబట్టి 2³² + 1 విలువ సున్న. అయిపోయింది. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు సంఖ్యను ఎక్కడా భాగించలేదు, ముట్టుకోలేదు. రెండు చిన్న రూపాలు ఒకదానికొకటి అద్దం పట్టుకున్నాయి, అంతే. మిగిలిన 6700417 కూడా ప్రధానమే, అదీ 64 గుణిజానికి ఒకటి ఎక్కువే.

ఫెర్మా ఊహ తప్పిపోయిందని బాధపడేవాళ్లు ఉండొచ్చు. నాకైతే ఆ తప్పిపోవడం వల్లే ఈ సంఖ్య రుచి పెరిగిందనిపిస్తుంది. ఆ ఆరోది కూడా ప్రధానమే అయ్యుంటే మనకు ఆరు మడతలు, ఆరు కారణాంకాలు ఉండేవి. చూడగానే తెలిసిపోయే సౌష్ఠవం. ఐదు మెట్లు క్రమం తప్పకుండా నడిచి, ఆరో మెట్టు మీద నేల రెండుగా విచ్చుకుంది. క్రమం ఇచ్చిన భరోసా, అది విరిగిన చోటి ఆశ్చర్యం, రెండూ ఒకే సంఖ్యలో ఉన్నాయి. కారణాంకాలు ఏడు కాబట్టి భాజకాలు మొత్తం 128. రెండును దగ్గరికి రానివ్వని సంఖ్యకు భాజకాలు మాత్రం సరిగ్గా 2⁷.

విరగని ఐదు మెట్ల కథ జ్యామితిలోకి వెళ్లింది. 1796 మార్చిలో ఇంకా పంతొమ్మిది నిండని గణితజ్ఞుడు గౌస్, కొలతలు లేని స్కేలు, వృత్తలేఖినితో పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని కనుక్కున్నాడు. బేసి భుజాల క్రమ బహుభుజుల్లో, 3, 5, 17, 257, 65537లలో కొన్నిటిని ఒక్కొక్కసారి మాత్రమే తీసుకుని గుణిస్తే వచ్చే సంఖ్యల భుజాలున్నవాటికే అది సాధ్యమని తెలుసు. అలాంటివి మనకు తెలిసినవి ముప్పై ఒకటి. వాటిలో అతి పెద్దది ఐదిటి లబ్ధం, 4294967295 భుజాలది. ఆ సంఖ్యను మనం ఇదివరకే చూశాం. చదరంగం బల్ల కింది సగంలోని గింజల మొత్తం అదే. జర్మనీలో యోహాన్ గుస్టావ్ హెర్మెస్ పదేళ్లు కూర్చుని 65537 భుజాల బహుభుజి నిర్మాణం రాసి 1894లో పూర్తి చేశాడు. ఆ రాతప్రతి గోటింగెన్‌లో ఉంది.

మళ్లీ ఛందస్సు దగ్గరికి రావాలి, ఎందుకంటే ఈ సంఖ్య బొమ్మ గీస్తే ఎలా ఉంటుందో అక్కడే కనిపిస్తుంది. పింగళుడి ఛందశ్శాస్త్రానికి వ్యాఖ్య రాసిన హలాయుధుడు, పదో శతాబ్దంలో, మేరు ప్రస్తారాన్ని వివరించాడు. శిఖరంలో ఒకటి, దాని కింద 1, 1, దాని కింద 1, 2, 1, తర్వాత 1, 3, 3, 1. ప్రతి సంఖ్యా తన పైనున్న రెండిటి మొత్తం. ఇన్ని అక్షరాల పాదంలో ఇన్ని లఘువులుండే భేదాలెన్నో ఇది చెబుతుంది. ఇందులో బేసి సంఖ్య ఉన్నచోట 1, సరిసంఖ్య ఉన్నచోట 0 పెట్టి, ప్రతి వరుసనూ కంప్యూటరు వాడే బైనరీ సంఖ్యగా చదవండి. 1, 3, 5, 15, 17, 51, 85, 255. రెండో వరుస 3, మూడోది 5, ఐదోది 17, తొమ్మిదోది 257, పదిహేడోది 65537, ముప్పై మూడోది 4294967297. ఆ వరుసల్లో రెండు కొసల్లో మాత్రమే బేసి, నడుమంతా సరిసంఖ్యలే, ఖాళీయే. తక్కిన వరుసలన్నీ వీటి లబ్ధాలు. అరవై నాలుగో వరుసకు వచ్చేసరికి ఒక్క ఖాళీ కూడా లేదు. అరవై నాలుగు స్థానాల్లోనూ బేసి సంఖ్యలే. అరవై నాలుగు ఒకట్లు. అదే మన సంఖ్య. ఆ వరుస అరవై మూడు అక్షరాల వృత్తానిది. చంపకమాల మూడు పాదాల్లో అక్షరాలు కూడా సరిగ్గా అరవై మూడే.

అరవై నాలుగు ఒకట్లే దీని అసలు ముఖం. పదుల లెక్కలో ఇరవై అంకెలు చిందరవందరగా కనిపించే సంఖ్య, రెళ్ల లెక్కలో ఒక్క మచ్చ లేకుండా నిండిపోతుంది. 1883లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడువార్ లూకా అమ్మకానికి పెట్టిన హనోయ్ గోపురం బొమ్మకు కాశీ ఆలయంలోని అరవై నాలుగు బంగారు బిళ్లల కథ జోడించారు. ఆ బిళ్లల్ని ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చడానికి పట్టే కదలికలూ ఇన్నే. సెకనుకో బిళ్ల కదిపితే 58 వేల కోట్ల సంవత్సరాలు దాటుతుంది. మనం వాడే 64 బిట్ల కంప్యూటరులో ఒక్క రిజిస్టరు పట్టగల అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే, అరవై నాలుగు స్థానాల్లోనూ ఒకట్లు. దానికి ఒకటి కలిపితే అన్ని ఒకట్లూ సున్నలై, చేతికి వచ్చిన ఒకటి బయట పడిపోతుంది, రిజిస్టరులో సున్న మిగులుతుంది. ఒకటి కలిపితే సున్న అయ్యే సంఖ్య ఏది? −1. కంప్యూటరు రుణ సంఖ్యల్ని రాసుకునే పద్ధతిలో అరవై నాలుగు ఒకట్ల అర్థం సరిగ్గా అదే. కోట్ల కోట్లు దాటిన రాశి, అలా చదివితే, సున్న కంటే ఒకటి తక్కువ.

మన సంఖ్యకు పొరుగున ఉన్న 2⁶⁴ను చూశాం, దానికి అవతల 2⁶⁴ + 1 ఉంది. బల్లకు ఇంకో అరవై నాలుగు గళ్లు అతికించి మడిస్తే వచ్చే ఏడో గుణకం అది. మన సంఖ్యకూ దానికీ తేడా రెండే, ఇద్దరూ బేసి, కాబట్టి వాళ్లకు ఉమ్మడి కారణాంకం ఒక్కటీ లేదు. అది ప్రధానం కాదని, దాని కారణాంకాలతో సహా, 1880లో ఫ్రాన్సులో ఫోర్చునే లాండ్రీ ప్రకటించాడు: 274177 × 67280421310721. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు.